తుఫాను ‘తీరం దాటింది’ అంటే అయిపోయినట్టు కాదు

“వాతావరణ శాఖ అంత ముందుగా చెబుతున్నా జనం తుఫాను హెచ్చరికల్ని ఎందుకు పట్టించుకోరు?” అని ఒకరు అడిగారు. పట్టించుకోక కాదండీ. వాళ్లు ఒకటి చెబుతారు, మనకి ఇంకోటి వినిపిస్తుంది. ఈ సంగతి నాకు హుద్‌హుద్ తుఫాను రోజున తెలిసొచ్చింది.

2014 అక్టోబర్ 12, ఆదివారం. మేం విశాఖలోనే ఉన్నాం. రేపు మధ్యాహ్నానికి విశాఖ దగ్గర తీరం దాటుతుందని ముందురోజు టీవీలో చెబుతూనే ఉన్నారు. పొద్దున్నే కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, వీధి తలుపు ఊగిపోతుంటే మంచం అడ్డంపెట్టి నేనూ మా తమ్ముడూ వీపు ఆనించి కూర్చున్నాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి పడిపోయింది. దాటేసింది, గండం గడిచింది అనుకున్నాం. వీధి వీధంతా బయటికొచ్చేసింది, పిల్లల్ని ఎత్తుకుని మరీ, పడిపోయిన చెట్లు చూడ్డానికి. పక్కింటి మావయ్య ట్యాంకు ఉందో ఎగిరిపోయిందో చూస్తానని మేడెక్కాడు.

అది తుఫాను కన్ను, అంటే సుడి మధ్యలో గాలి లేని చోటు. కాసేపటికి గాలి మళ్లీ లేచింది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. ఇటువైపు భయం లేదులే అనుకున్న వంటింటి కిటికీ అద్దం బద్దలై బియ్యం డబ్బా నిండా పడింది. మావయ్య పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోతే ఆయన పక్కనుంచే ఒక రేకు ఎగిరిపోయింది. దెబ్బ తగల్లేదు, అదే అదృష్టం.

శాస్త్రవేత్తల లెక్కలో తీరం దాటడమంటే తుఫాను కేంద్రం నేల మీదికి రావడం. మిగతా సగం ఇంకా మన మీద నుంచి వెళ్లాలి. మన మాటలో ‘దాటింది’ అంటే అయిపోయినట్టే కదా! వాళ్లు తప్పు చెప్పలేదు, మేమూ చెవులు మూసుకోలేదు, అయినా అందరం రోడ్డు మీదే ఉన్నాం.

నంబర్లూ అంతే. రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి, అవి ఓడలవాళ్ల కోసం పెట్టినవి. టీవీలో ‘పదో నంబరు’ అని వేస్తే రేకుల ఇంట్లో ఉన్నావిడకి ఏం తెలుస్తుంది?

మా నాయనమ్మది దివిసీమ, 1977 నవంబర్ 19 ఉప్పెనలో పుట్టింటివాళ్లని పోగొట్టుకున్న మనిషి. గాలి ఎన్ని కిలోమీటర్లని ఎప్పుడూ అడగలేదు, “నీళ్లు ఎందాకా వస్తాయంట్రా?” అనే అడిగేది. హెచ్చరిక చెప్పాల్సింది అదీ. ఏ వీధి దాకా, ఎప్పట్లోగా, ఎక్కడికి వెళ్లాలి.

ఇప్పుడు తుఫానంటే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నేను ఒక్కటే పెడతాను: “గాలి ఆగినా తలుపు తియ్యకండి, మేడ ఎక్కకండి, అటునుంచి మళ్లీ వస్తుంది.”