రాకీ మౌంటెన్ పార్క్ చూడ్డానికి వెళ్తే బస ఎక్కడ? ఎస్టెస్ పార్కా, గ్రాండ్ లేకా, డెన్వరా?

ఆగస్టులో అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో డెన్వర్‌లో దిగుతున్నాం, రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ కోసం మూడు రాత్రులు ఎక్కడ ఉంటే మంచిది అని అడిగారు. మేం ఉండేది కొలరాడోలోనే. ఇంటికి చుట్టాలెవరొచ్చినా ముందు తీసుకెళ్లేది ఈ పార్కుకే. నన్నడిగితే మొదటి రాత్రి డెన్వర్‌లో, మిగతా రెండూ ఎస్టెస్ పార్క్‌లో ఉండండి. పేరులో పార్క్ ఉన్నా ఎస్టెస్ ఒక ఊరే, నేషనల్ పార్కుకి తూర్పున ఉంటుంది; గ్రాండ్ లేక్ పడమటి వైపు ఊరు.

పార్కు లోపల హోటళ్లు లేవు. ఉన్నవి క్యాంప్‌గ్రౌండ్లే, వాటిల్లో స్నానానికి షవర్లు కూడా ఉండవు. పెద్దవాళ్లతో ఆ ఆలోచన వద్దు.

రోజూ డెన్వర్ నుంచే వెళ్లొస్తే రూమ్ ఖర్చు కలిసొస్తుంది కదా అని చాలామంది అంటారు. దూరం 70 మైళ్ల లోపే, గంటన్నర పడుతుంది. కానీ ఆ కొండల మీద వేసవిలో మనకు పనికొచ్చేది పొద్దుటి పూటే. ఉదయం ఆకాశం అద్దంలా ఉంటుంది, మధ్యాహ్నం దాటేసరికి మబ్బులు కమ్ముకుని తరచూ ఉరుములు మొదలవుతాయి. పార్కు మధ్యగా కొండల మీద పోయే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. అంత పైన ఒక్క చెట్టు ఉండదు, పిడుగులు పడుతుంటే కారులోకి పరుగెత్తడం తప్ప దారి లేదు. పిల్లలు లేచి, నాన్నగారి కాఫీ అయ్యి, అందరూ బయల్దేరేసరికి ఎనిమిదవుతుంది. డెన్వర్ నుంచైతే మీరు చేరేసరికి సగం పూట రోడ్డు మీదే పోయినట్టు.

దీనికి తోడు ఎంట్రీ టైమ్ టికెట్ల గొడవ ఒకటుంది. ఈమధ్య ఏళ్లలో వేసవిలో పార్కులోని బేర్ లేక్ సరస్సుకి వెళ్లే రోడ్డుకి ఉదయం 5 నుంచి సాయంత్రం 6 దాకా, మిగతా పార్కుకి 9 నుంచి 2 దాకా ముందే టైమ్ బుక్ చేసుకుని రావాలన్నారు. మీరు వెళ్లే ఏడాది ఎలా ఉందో పార్క్ సైట్‌లో చూసుకోండి. ఎస్టెస్‌లో ఉంటే ఎనిమిదిన్నరకల్లా గేటు దాటి ట్రెయిల్ రిడ్జ్ ఎక్కేయొచ్చు, టికెట్ టెన్షన్ ఉండదు. బేర్ లేక్ టికెట్ దొరక్కపోతే సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి, ఆగస్టులో అప్పటికి ఇంకా వెలుతురుంటుంది.

ఇక మొదటి రాత్రి డెన్వర్ ఎందుకంటే, ఎత్తు. డెన్వర్ 5,280 అడుగులు, ఎస్టెస్ 7,522, గ్రాండ్ లేక్ దాదాపు 8,400. ఎయిర్‌పోర్ట్ నుంచి తిన్నగా గ్రాండ్ లేక్ వెళ్లినప్పుడు మా అత్తగారికి రాత్రంతా తలనొప్పి, కంటి మీద కునుకు లేదు. డెన్వర్‌లో ఒక రాత్రి పడుకుని వెళ్లిన మా అమ్మకి ఆ బాధ లేదు. అందరికీ ఇలాగే అవుతుందని కాదు గానీ, బీపీ, గుండె మందులు వాడేవాళ్లుంటే డాక్టర్‌ని ఒక మాట అడిగే బయల్దేరండి. నీళ్లు మామూలుకంటే ఎక్కువ తాగించండి.

ఎస్టెస్‌లో కూడా ఎటువైపన్నది చూసుకోవాలి. బేర్ లేక్ మీద మనసుంటే 36వ నంబర్ రోడ్డు వైపు, బీవర్ మెడోస్ గేటుకి దగ్గరగా తీసుకోండి. ఏటి గలగల వింటూ కూర్చోవాలంటే 34 మీద ఫాల్ రివర్ పక్కన క్యాబిన్లున్నాయి. ఊరి నడిబొడ్డున మాత్రం వద్దు, వేసవి మధ్యాహ్నాల్లో ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పావు మైలుకే ప్రాణం విసిగిపోతుంది. కుటుంబంతో అయితే వైఎంసీఏ ఆఫ్ ద రాకీస్ క్యాబిన్లు నాకిష్టం. పార్కు సరిహద్దునే ఉంటాయి, వంటగది ఉంటుంది, పిల్లలు పరుగెత్తడానికి బోలెడు జాగా. వంట చేసుకునేటట్టయితే ప్రెషర్ కుక్కర్ వెంట తీసుకెళ్లండి. ఆ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పోదు.

గ్రాండ్ లేక్ ప్రశాంతంగా ఉంటుంది, అటువైపు మూస్ (భారీ దుప్పి లాంటి జంతువు) కనపడే అవకాశమూ ఎక్కువే. కానీ ఎస్టెస్ నుంచి అక్కడికి ట్రెయిల్ రిడ్జ్ మీదుగా 48 మైళ్లు, ఆగుతూ పోతే సగం రోజు. మూడు రాత్రుల్లో రెండుసార్లు సామాను సర్దుకోవడం పిల్లలతో దండగ.

బుక్ చేసేముందు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: గదికి ఎన్ని మెట్లెక్కాలి, దారి తారురోడ్డేనా అని. 'పార్కుకి ఐదు నిమిషాలు' అని రాసుంటే ఒకచోట తీసుకున్నాం. తీరా చూస్తే నిటారైన కంకర దారి, పైన ఇరవై పైచిలుకు చెక్కమెట్లు. మా నాన్న మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు. చాలా పాత లాడ్జిల్లో ఏసీ ఉండదు, దాని గురించి బెంగ వద్దు, ఆగస్టులోనూ రాత్రికి స్వెట్టర్ కావాలి. తినేవి మాత్రం రాత్రి కారులో వదలకండి, ఆఖరికి చిప్స్ ప్యాకెట్ కూడా. అక్కడి ఎలుగుబంట్లకి కారు తలుపు తీయడం వచ్చు.