వేలూరు పోతున్న హిమకు

తిరుపతి,
ఆదివారం రాత్రి.

హిమా,

మీ అమ్మ ఫోన్ చేసేసరికి నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. "అక్కా, పాపకు వేలూరులో పీహెచ్‌డీ వచ్చింది, జీన్ థెరపీ అంట" అంది. జిగట చేతులతోనే పోయి ఎదురింటావిడకు చెప్పొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మన జిల్లాలో వేలూరు అంటే ఏమిటో నీకు తెలుసు. "ఇక్కడ లాభం లేదు, వేలూరు తీసుకుపోండి" అన్న మాట వినని ఇల్లు లేదు. ఇన్నాళ్ళూ మనవాళ్ళు జబ్బు చేస్తేనే ఆ బస్సెక్కారు. జబ్బు సంగతి తేల్చడానికి ఎక్కుతున్నది నువ్వే మొదలు.

మామూలు మాటలు ముందే చెప్పేస్తాను. ఫ్రీజర్‌లో పెట్టే ప్రతి ట్యూబు మీదా పేరూ తేదీ రాయి. పేషెంట్లతో మాట్లాడేంత తమిళం నేర్చుకో. ల్యాబ్‌లో పనుందని అన్నం మానకు. అక్కడి ఎండ మన ఎండ కంటే ఏమీ మంచిది కాదు, గొడుగు పెట్టుకో. అయిపోయింది.

ఇక అసలు విషయం. పోయిన నెల ఫోన్లో నీ పని గురించి చెప్పావు కదా, నాకు ఎక్కినంతవరకు ఇదీ: డుషేన్ అనే కండలు క్షీణించే జబ్బున్న మగపిల్లల్లో డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారు కాదు. ఆ ప్రోటీన్‌కు కావలసిన జీన్ రాత 11,000 అక్షరాలు. ఆ రాతను పిల్లాడి కండల్లోకి మోసుకుపోయే వైరస్‌లో పట్టేది 4,700. అందుకని మధ్యలో చాలా భాగం కత్తిరించి, రెండు కొసలూ ఉంచి, చిన్న డిస్ట్రోఫిన్ చేసి పంపుతారు. "కొండకు పోయేవాళ్ళు ఇంటిల్లిపాది బట్టలు ఒక్క సంచిలో కుక్కినట్టు పెద్దమ్మా" అని నవ్వావు. నేనూ నవ్వాను.

అదే ఊపులో ఇంకో మాట అన్నావు, అది నాకు గుచ్చుకుంది. ఒకసారి ఆ వైరస్ ఎక్కిస్తే ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి, అదే వైరస్‌ను రెండోసారి ఎక్కించడం కుదరదు అన్నావు. అంటే ట్రయల్‌లో చిన్న డోసు పడిన పిల్లాడికి, రేపు అదే దారిలో ఇంకా మంచి మందు వచ్చినా అందదన్నమాట. ఈ సంగతి ఆ తల్లికి ఎవరు చెబుతారు? సంతకం పెట్టకముందా, పెట్టాకనా? నువ్వు ల్యాబ్ మనిషివి, అది డాక్టర్ల పని అంటావు. నేనూ ఒకప్పుడు అట్లాగే అనుకున్నాను, చెప్పడం నా పని కాదని.

ఇది మీ అమ్మకు కూడా తెలీదు.

1991. ఫిజియోథెరపిస్టుగా నా ఉద్యోగం మూడో ఏడు. పుత్తూరు పక్క పల్లె నుంచి ఒకామె ఏడేళ్ళ పిల్లాడిని తెచ్చింది. కాళ్ళ సమస్య అంటే మన వైపు ముందు కట్టు కట్టించి, ఆ తర్వాతే ఆసుపత్రికి వస్తారు. వీళ్ళూ అంతే. పిల్లాడు తరచు పడిపోతాడు, మెట్లెక్కలేడు, బడిలో అందరూ వెక్కిరిస్తారు. నేల మీద కూచోబెట్టి లేవమన్నాను. ముందు బోర్లా తిరిగాడు, చేతులు నేలకానించి పిర్రలు పైకెత్తాడు, తర్వాత మోకాళ్ళు పట్టుకుని, తొడలు పట్టుకుని, తన మీద తనే ఎక్కుతున్నట్టు లేచాడు. పుస్తకంలో బొమ్మతో సహా చదివిన లక్షణం అది. కళ్ళ ముందు జరిగితే గుర్తు పట్టలేదు. పైగా పిక్కలు చూసి, "కండ బాగా ఉంది కదమ్మా, బద్ధకం అంతే, బాగా నడిపించు" అన్నాను. ఆ పిక్కల్లో ఉన్నది కండ కాదు, చచ్చిన కండ చోట చేరిన కొవ్వు.

వాళ్ళకు కొండకు నడిచొస్తామని మొక్కు ఉందట. "నడిపించొచ్చా మేడమ్?" అని అడిగింది. "భేషుగ్గా. కాళ్ళు గట్టిపడతాయి" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో నాకిప్పటికీ వినిపిస్తుంది.

అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు చాలా దూరం వాళ్ళ నాయనే భుజాన వేసుకున్నాడు. దర్శనం అయింది. తిరిగొచ్చేటప్పుడు, దిగడమే కదా సులువు, మేడమ్ కూడా నడిపించమన్నారు అని పిల్లాడిని దింపి నడిపించారు. సులువనే ఎవరైనా అనుకుంటారు. కానీ మెట్టు దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువు ఆపాలి. డిస్ట్రోఫిన్ లేని కండకు అంతకంటే చెడ్డ పని లేదు, పొర చిరిగిపోతుంది. ఎక్కడో సగంలో కూలబడ్డాడు. మర్నాడు మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. ఆసుపత్రికి తెస్తే పెద్ద డాక్టరుగారు చూడగానే జబ్బు పేరు చెప్పారు. కండ చెడితే రక్తంలో పెరిగే సీపీకే వందల్లో ఉండాల్సింది వేలల్లో వచ్చింది.

వార్డు బయట బల్ల మీద ఆమె నన్ను పట్టుకుంది. "నేను నడిపించినందుకేనా మేడమ్ ఇట్లయింది?" అంది.

నేనే నడిపించమన్నాను. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆమె నా పేరు ఎత్తలేదు, తన పేరే చెప్పుకుంది. "కాదమ్మా, నేను చెప్పింది తప్పు" అనడానికి ఎంతసేపు పడుతుంది? నా చేతిలో ఏదో ఫైలుంది. పిలుస్తున్నారని చెప్పి లోపలికి పోయాను. ఎవరూ పిలవలేదు.

వారం తర్వాత డాక్టరుగారు, ఇది తల్లి వైపు నుంచి వచ్చే జబ్బు అని చెప్పారు. అత్తగారు అక్కడే ఉంది. ఇక చూడు. మొక్కు సరిగ్గా తీర్చలేదని ఒకటి, నడిపించి చెడగొట్టిందని ఒకటి, నీ పుట్టింటి రోగం అని ఒకటి. మూడు నేరాలూ ఒక్కదాని మీద. మూడింట ఒక వంతు పిల్లల్లో తల్లిలో ఆ లోపమే ఉండదని, వాడితోనే కొత్తగా మొదలవుతుందని ఆ గదిలో ఎవరూ అనలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను.

వాడు నడక మానడం ఎట్లాగూ తప్పదు. ఆ మెట్లు ఎన్ని నెలలు తినేశాయో ఎవరూ లెక్క కట్టలేరు. పదేళ్ళకు పూర్తిగా కూర్చున్నాడు, పంతొమ్మిదో ఏట పోయాడు. ఆ మధ్యకాలమంతా మడమలు సాగదీయడం, రాత్రిపూట వేసే స్ప్లింట్లు, వెన్ను వంగకుండా కుర్చీలో దిళ్ళు, అన్నీ నేనే చూశాను. అందరూ నన్ను ఎంత మంచిదో అనుకున్నారు.

హిమా, నువ్వు చదివే చదువు మంచిదే, కానీ అది చివరికి ఎవరో ఒక ఆడదాని వైపు వేలు చూపించే చదువు. నీకా అలవాటు అప్పుడే వచ్చేసింది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఏం చేశావు? గారెలు తింటూ, "అవ్వా, నువ్వు సొంత మేనమామను చేసుకోకపోయి ఉంటే ఆ ఇద్దరు మగపిల్లలూ బతికేవాళ్ళు" అన్నావు. వాళ్ళ రోగనిరోధక శక్తిలోనే లోపం అయ్యుంటుందని కూడా తేల్చేశావు. నాకు ముందు పుట్టి, ఏడాదైనా నిండకుండా పోయిన నా అన్నలు వాళ్ళు. నోటి నిండా పూత, ఆగని విరేచనాలు అని అమ్మ చెప్పేది, నిజమే. కానీ 1960ల్లో మన పల్లెలో పసిపిల్లలు విరేచనాలతో పోవడానికి జీన్ అవసరమా? నీకెట్లా తెలుసు? ఎనభై దాటిన మనిషి, పదిహేనేళ్ళకు తాళి కట్టించుకున్నది, ఎవరిని చేసుకోవాలో ఆమెను ఎవరడిగారు? ఆ రాత్రి ఆమె మజ్జిగ కూడా తాగలేదు. నువ్వు బస్సెక్కి పోయావు కాబట్టి నీకు తెలీదు.

అడగొద్దని కాదు. అడిగి తీరాలి. పుట్టిన రోజునే క్షయ టీకా బీసీజీ వేసే దేశం మనది. రోగనిరోధక శక్తి బొత్తిగా లేని పసికందుకు ఆ సూదే ప్రమాదం. "ఇంతకు ముందు పిల్లలెవరైనా పోయారా" అన్న ఒక్క ప్రశ్న ఒక బిడ్డను కాపాడొచ్చు. కానీ కూచుని అడుగు, నిలబడి కాదు. అత్తగారిని టీ తాగి రమ్మని పంపించి అడుగు. మేనరికంలో వచ్చే జబ్బు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తుందని తండ్రి వైపు చూసి చెప్పు. డుషేన్‌కు మేనరికంతో పనే లేదని కూడా చెప్పు.

నీకు సీటు వచ్చిందని తెలిసినప్పటి నుంచి సీరియళ్ళు మానేసి ఇవే చదువుతున్నాను. 1990 సెప్టెంబరులో అమెరికాలో నాలుగేళ్ళ పాపకు మొదటి జీన్ థెరపీ, బాగుంది. 1999లో అక్కడే పద్దెనిమిదేళ్ళ జెస్సీ గెల్సింగర్ వైరస్ ఎక్కించిన నాలుగు రోజులకు పోయాడు. ప్యారిస్‌లో రోగనిరోధక శక్తి లేని పసివాళ్ళు బాగై ఇళ్ళకు పోయారు. మూడేళ్ళయ్యాక, 2002లో, వాళ్ళలో కొందరికి బ్లడ్ క్యాన్సర్ బయటపడింది. వైరస్ పోయి తప్పు జీన్ పక్కన కూచుందట. 2025లో డుషేన్‌కు జీన్ థెరపీ మందు తీసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు కాలేయం చెడి పోయారు. వేలూరు వాళ్ళు రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బున్న ఐదుగురికి జీన్ థెరపీ చేసి, రక్తం కారడం ఆగిందని 2024లో ప్రకటించారు. అది చదివినప్పుడు మాత్రం లేచి వెళ్ళి దీపం పెట్టాను. నిన్ను భయపెట్టడానికి కాదు ఇదంతా. భయం నాది, నా దగ్గరే ఉంచుకోలేక రాస్తున్నాను.

పనికొచ్చే మాట ఒకటి చెప్పనా? నెలకొకసారైనా ల్యాబ్ వదిలి ఫిజియో గదిలో కూచో. నీ మందు పనిచేసిందా లేదా అన్నది చివరికి తేలేది అక్కడే, స్టాప్‌వాచ్ పట్టుకున్న మాలాంటి వాళ్ళ చేతుల్లో. నేల మీద నుంచి లేవడానికి ఎన్ని సెకన్లు, మెట్టెక్కగలడా, ఒంటికాలి మీద నిలబడగలడా, ఇట్లా 17 పనులు, 34 మార్కులు. రాత్రి నిద్ర లేని పిల్లాడికి మార్కులు తగ్గుతాయి. నాయన ఎదురుగా ఉంటే ఇంకోలా చేస్తాడు, చాక్లెట్ చూపిస్తే ఇంకోలా. పైగా ఐదారేళ్ళ పిల్లలు మందు లేకపోయినా కొన్నాళ్ళు ఎదుగుదల వల్లే మెరుగవుతారు. 2023లో డుషేన్ మందు మీద ఒక అమెరికా కంపెనీ చేసిన పెద్ద పరీక్ష ఈ మార్కుల దగ్గరే గెలవలేకపోయింది. కండలో ప్రోటీన్ కనిపించిందని నువ్వు గంతులేస్తావు. పిల్లాడు లేచాడా అని వాళ్ళమ్మ చూస్తుంది.

"నయమవుతుంది" అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు. నీ గొంతు మంచిది, జనం నమ్ముతారు. నన్నూ నమ్మారు.

వచ్చే నెల పదో తారీఖున చేరాలని మీ అమ్మ చెప్పింది. రెండు రోజులు ముందుగా తిరుపతికి రా. చింతకాయ తొక్కు, కందిపొడి కట్టి పెడతాను, అదొక పని. ఇంకో పని ఉంది. ఆమె ఇంకా ఆ పల్లెలోనే ఉంది, బడి దగ్గర చిన్న అంగడి పెట్టుకుంది. ఎవరో చెప్పగా విన్నాను. మూడుసార్లు పుత్తూరు దాకా పోయి, బస్టాండులో కాఫీ తాగి తిరిగొచ్చేశాను. ఈసారి నువ్వు నా పక్కన ఉండు. ఏమీ మాట్లాడొద్దు, ఆ జబ్బు గురించి ఒక్క ముక్క చెప్పొద్దు. నేను ఫైలు వంక పెట్టి లేచిపోకుండా చూడు, చాలు. పొద్దున ఏడున్నర బస్సుకైతే ఎండ ముదరకముందే చేరతాం.

మీ పెద్దమ్మ