సున్నా వడ్డీ అన్నారు, చీరల మీద వడ్డీ పడింది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నా పాత క్రెడిట్ కార్డు మీద 72,000 రూపాయల బాకీ ఉండేది. వేరే బ్యాంకు తరఫున ఒకమ్మాయి ఫోన్ చేసి, ఆ బాకీని తమ కార్డుకి మార్చుకుంటే ఆరు నెలలు సున్నా వడ్డీ, 2 శాతం ఫీజు ఒక్కటే ఉంటుందని చెప్పింది. సరేనన్నాను. ఆగస్టు 5న పాత కార్డులో 72,000 జమైంది. మర్నాడు వరలక్ష్మీ వ్రతానికని కొత్త కార్డు మీద పట్నంబజారులో 18,500కి చీరలు తీసుకున్నాను. ఆగస్టు 20న బిల్లొచ్చింది. గడువు దాటకుండా సెప్టెంబరు 8నే చీరల డబ్బు, ఫీజు, దాని మీద జీఎస్టీ అన్నీ కలిపి 20,200 కట్టాను. అయినా సెప్టెంబరు 20 బిల్లులో వడ్డీ 985, దాని మీద జీఎస్టీ 177 అని వేశారు. ఇదేంటని అడిగితే, పైగా సున్నా వడ్డీ మూడు నెలలకే అంటున్నారు. ఇటు అయిపోయిందనుకున్న పాత కార్డు వాళ్లేమో 1,075 బాకీ ఉంది, కట్టనందుకు 500 లేటు ఫీజు అని మెసేజ్ పెట్టారు. కార్డు మీద 30 శాతం మించి వడ్డీ వేయకూడదని కోర్టు చెప్పిందని మా స్టాఫ్‌రూములో ఒక సారు అంటున్నారు. కేసు వేయొచ్చా? బిల్లుల కాపీలు పంపుతున్నాను.

జవాబు: ముందు మీ స్టాఫ్‌రూము సారు సంగతి తేల్చేద్దాం. ఆయన చెప్పింది ఒకప్పటి మాట. 30 శాతం దాటి వడ్డీ లాగడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2008 జులైలో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పిచ్చిన మాట నిజమే. బ్యాంకులు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. వడ్డీ రేట్లు చూసుకోవాల్సింది రిజర్వ్ బ్యాంకు, ఒప్పందంలో రాసుకున్న రేటుని కమిషన్ తిరగరాయలేదు అంది. దీనికి తోడు బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 1949లో 21ఎ అని ఒక సెక్షనుంది. వడ్డీ మరీ ఎక్కువైందన్న ఒక్క కారణంతో బ్యాంకు బాకీని ఏ కోర్టూ తిరగదోడకూడదని దాని సారాంశం. మీ కొత్త కార్డు బిల్లులో నెలకు 3.6 శాతం అని ఉంది, అంటే ఏడాదికి 43.2. చదవగానే ఒళ్లు మండుతుంది, నాకూ మండింది. కానీ రేటు అన్యాయం అనే ఒక్క మాట మీద కేసు వేస్తానంటే మాత్రం వకాల్తా మీద నేను సంతకం పెట్టను. ఫీజు మీకు దండగ.

అయితే అదే తీర్పులో మీకు పనికొచ్చే సందు కూడా ఉంది. బ్యాంకులు కార్డుదారులకి ఏదీ తప్పుగా చెప్పి మోసపుచ్చలేదు కాబట్టి అది అనుచిత పద్ధతి కిందికి రాదని కోర్టు అంది. మరి తప్పుగా చెప్పి ఉంటే? అప్పుడు కథ వేరు. కాబట్టి మనం రేటు జోలికి పోవద్దు. మీరు సరేననే ముందు మీకేం చెప్పారు, చెప్పింది ఒకటీ చేసింది ఒకటీనా అన్నదే పట్టుకుందాం.

ఇప్పుడు ఆ 985 దగ్గరికి వద్దాం. కార్డు మీద కొన్నవాటికి వడ్డీ లేని గడువు దొరకాలంటే బిల్లు మొత్తం కట్టాలి. మీ ఆగస్టు బిల్లు మొత్తం 92,199: మార్చిన బాకీ 72,000, చీరలు 18,500, ఫీజు 1,440, దాని మీద జీఎస్టీ 259. మీరేమో "72,000కి ఎలాగూ వడ్డీ లేదు కదా, చీరల డబ్బు కట్టేస్తే చాలు" అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ సున్నా వడ్డీదైనా ఆ 72,000 బిల్లులో బాకీగానే కూర్చుంటుంది. అది పూర్తిగా తీరలేదు కాబట్టి చీరలకున్న గడువు ఎగిరిపోయింది. ఎగిరిపోతే వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచే లెక్కేస్తారు. బాకీని నెలవారీ వాయిదాలుగా మార్చే స్కీముల్లో ఆ నెల వాయిదా మాత్రమే బిల్లులో చేరుతుంది. అక్కడ ఈ చిక్కు చాలావరకు ఉండదు. మీకిచ్చింది ఆ రకం కాదు.

మీ బిల్లు ముందేసుకుని కాలిక్యులేటర్ పట్టుకుంటే నాకింకో విషయం కనిపించింది. ఆగస్టు 6 నుంచి మీరు డబ్బు కట్టిన సెప్టెంబరు 8 దాకా 33 రోజులు. 18,500 మీద 33 రోజుల వడ్డీ 722 రూపాయలవుతుంది. కానీ బ్యాంకు 985 వేసింది. అది సరిగ్గా సెప్టెంబరు 20 దాకా, 45 రోజుల వడ్డీ. అంటే మీరు కట్టిన దాంట్లో ఫీజూ జీఎస్టీ పోగా మిగిలిన 18,500ని చీరల కింద జమ చేసుకోలేదు. వడ్డీ రాని 72,000 కింద వేసుకుని, వడ్డీ వచ్చే చీరల్ని అలాగే ఉంచారు. వాళ్ల లెక్క ప్రకారం మీ చీరల బాకీ ఇవాళ్టికీ తీరలేదు, రోజుకి 22 రూపాయల చొప్పున వడ్డీ పెరుగుతూనే ఉంది.

కట్టిన డబ్బు ముందు దేనికి జమ కావాలన్న వరస కార్డుతో ఇచ్చే ముఖ్య నిబంధనల పత్రంలో ఉంటుంది. ఒక్కో బ్యాంకుది ఒక్కో వరస. వాళ్ల పత్రంలో కొనుగోళ్లు ముందు అని ఉండి ఇలా చేశారా, 985 మొత్తం తిరగరాయించొచ్చు అనను గానీ, 722కీ 985కీ మధ్య ఉన్న 263, దాని మీది జీఎస్టీ, ఆ తర్వాత ఎక్కిన వడ్డీ మాత్రం తప్పకుండా వెనక్కి రావాలి. మార్చిన బాకీయే ముందు అని ఉంటే ఆ దారి మూసుకున్నట్టే. అప్పుడు మిగిలేది చెప్పాల్సింది చెప్పలేదన్న వాదన. క్రెడిట్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో ఇది నేరుగా ఉంది: పాత బిల్లులో ఏ కాస్త బాకీ మిగిలినా వడ్డీ లేని గడువు పోతుందని ముఖ్య నిబంధనల్లో విడమరిచి చెప్పాలి. నిబంధనలు కార్డుదారుకి అర్థమయ్యే తేలిక మాటల్లో, వీలైతే స్థానిక భాషలో ఉండాలి. మీకు వచ్చిన పత్రం తీసి చూడండి. చీమతలకాయంత అక్షరాల ఇంగ్లీషైతే దాన్నే ఫిర్యాదుకి జత చేయండి.

ఇక పాత కార్డు. ఇక్కడ బ్యాంకు తప్పేమీ నాకు కనబడలేదు, నొచ్చుకోకండి. మీరు మార్చింది జులై 25 బిల్లులో ఉన్న 72,000. ఆ డబ్బు అక్కడికి చేరింది ఆగస్టు 5న. మధ్యలో 11 రోజులు. పాత కార్డు రేటు నెలకు 3.5, అంటే ఏడాదికి 42 శాతం. 11 రోజులకి వడ్డీ 911, జీఎస్టీ 164, మొత్తం 1,075. పైసా తేడా లేదు. బాకీ మార్చుకునే వాళ్లలో చాలామంది ఇక్కడే దొరికిపోతారు. మొన్న మా కోర్టు ఎదుట జిరాక్స్ తీసే కుర్రాడు కూడా ఇలాంటి మెసేజే పట్టుకొచ్చాడు, వాడిది 600 చిల్లర. ఆ 1,075 ఇవాళే కట్టేయండి. లేటు ఫీజు 500 మాఫీ చేయమని మెయిల్ పెట్టండి. ఆగస్టు 25 బిల్లు మీకు అసలు అందలేదంటే ఆ మాట మెయిల్లో మొదటి వాక్యంగా రాయండి. కట్టని జీఎస్టీ మీద, ఫీజుల మీద మళ్లీ వడ్డీ వేయకూడదన్న నిబంధన కూడా రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లోనే ఉంది. తర్వాతి బిల్లులో 164 మీద వడ్డీ కనబడితే ఒప్పుకోవద్దు. అన్నీ తీరాక కార్డు రద్దు చేయమని రాతపూర్వకంగా అడగండి. ఏడు పనిదినాల్లో చేయాలి, చేయకపోతే ఆ తర్వాత రోజుకి 500 చొప్పున బ్యాంకే మీకు ఇవ్వాలి. కత్తెరతో కార్డు కత్తిరించేస్తే రద్దయినట్టు కాదు.

మీ వ్యవహారంలో అసలు బలం ఉన్నది ఆరు నెలలా, మూడు నెలలా అన్న దగ్గర. మూడు నెలలే అయితే నవంబరు 5తో సున్నా వడ్డీ అయిపోతుంది. మిగిలిన 53,500 మీద నెలకి 1,926 వడ్డీ, 347 జీఎస్టీ మొదలవుతాయి. మూడు నెలలు ఇలా సాగితే ఏడు వేలకి దగ్గర. చీరల వడ్డీకన్నా పెద్ద గాయం ఇది. ఫోన్లో ఆ అమ్మాయి ఏమంది? బ్యాంకు దగ్గర రికార్డింగ్ ఉండే అవకాశమే ఎక్కువ. ఆ ఫోన్ తర్వాత మీకొచ్చిన ఎస్ఎమ్ఎస్‌లో, మెయిల్లో ఎన్ని నెలలని ఉంది? మీరు పంపిన కాగితాల్లో అది లేదు. అందులో మూడు అని స్పష్టంగా ఉండి, మీరు ఓటీపీ చెప్పి ఒప్పుకుని ఉంటే కేసు బాగా పలచబడుతుంది. ఏమీ లేకపోతే, లేదా ఆరు అని ఉంటే, అప్పుడు ధైర్యంగా నిలబడొచ్చు.

కాబట్టి ముందు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఊరుకుంటే మీ చేతిలో రాతపూర్వక ఆధారం మిగలదు. కాల్ రికార్డింగ్, ఆఫర్ పంపిన సందేశం, మీరు కట్టిన 20,200 దేనికెంత జమ చేశారన్న లెక్క, ఈ మూడూ అడగండి. బిల్లు తప్పని కార్డుదారు అంటే బ్యాంకు 30 రోజుల్లోపు వివరణ ఇవ్వాలి, అవసరమైతే ఆధారాలూ చూపాలి. తగువు తేలకముందే మిమ్మల్ని ఎగవేతదారుగా సిబిల్ లాంటి సంస్థలకి చెప్పకూడదు. ఈ మాట మెయిల్లో ఒక వాక్యంగా పెట్టండి, తర్వాత పనికొస్తుంది. అలాగని మొత్తం కట్టడం ఆపేయొద్దు. కనీస మొత్తం తప్పకుండా కడుతూ, ఈ రోజు నుంచి ఆ కార్డు మీద పాల ప్యాకెట్టు కూడా కొనొద్దు. కొన్న నిమిషం నుంచే వడ్డీ. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి నవంబరు 5 లోపు కార్డు బాకీ మొత్తం తీర్చేసే మార్గం చూడండి. బంగారం లోను వడ్డీ ఈ 43 శాతానికి దరిదాపుల్లో ఉండదు. ఇది న్యాయ సలహా కాదు, మా అక్కయ్యకైనా ఇదే చెబుతాను.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు, అంటే సీఎంఎస్ పోర్టల్లో మీరే పెట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, సందేహాలకి 14448 నంబరుంది. ఇక్కడో విశేషం: మీ తరఫున లాయరు ఫిర్యాదు వేయడం కుదరదు, నిబంధనే అలా ఉంది. మా వాళ్లకి నచ్చని నిబంధన గానీ మీకు మంచిదే. ఒకే విషయం మీద వినియోగదారుల కమిషన్లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు కాబట్టి ముందు ఇది చూడండి.

అక్కడా తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్. బ్యాంకు హెడ్డాఫీసు ముంబయిలో ఉన్నా మీరుండే చోటే వేయొచ్చు. వ్యవహారం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి, 5 లక్షల లోపు విలువకి కోర్టు ఫీజు లేదు. లోపభూయిష్ట సేవ, తప్పుదోవ పట్టించే ప్రకటన అని వేయాలి. ఒప్పందమే అన్యాయమైనది అని వేస్తే జిల్లా కమిషన్ పరిధి దాటిపోయి రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాల్సి వస్తుంది. ఆ తేడా తెలీక తిప్పి పంపిన ఫిర్యాదులు చూశాను.

ఆ అమ్మాయి ఫోన్ చేసిన నంబరు, తేదీ, ఎంతసేపు మాట్లాడిందీ మీ ఫోన్లో ఇంకా కనబడుతుంటే ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. కొన్ని ఫోన్లలో పాత కాల్స్ వాటంతటవే చెరిగిపోతాయి.