నూలు లాటు నంబరు దగ్గర దొరికిన జవాబు

ప్రశ్న: మా మూడు నెలల పాపకు కొన్న చొక్కా మీద ‘హానికర రసాయనాలు లేవు’ అని చీటీ ఉంది. పత్తి నుంచి చొక్కా అయ్యేదాకా బట్ట ఎన్ని చేతులు మారుతుందో! ఏ రసాయనం ఎక్కడ చేరిందో ఎవరికైనా నిజంగా తెలుస్తుందా మేడమ్? ఆ చీటీని నమ్మొచ్చా?

జవాబు: తెలుస్తుందమ్మా. కాకపోతే బట్ట మారిన ప్రతి చేతి దగ్గరా ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి.

అద్దకం యూనిట్ లేబొరేటరీలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఒకసారి మేం పంపిన అల్లిక బట్టలో నోనైల్ ఫినాల్ ఇథాక్సిలేట్లు ఉన్నాయని కొనుగోలుదారు పరీక్షలో తేలింది. జిడ్డు వదిలించడానికి ఒకప్పుడు విరివిగా వాడిన కెమికల్ అది. మురుగునీటిలో చేరాక విరిగి నోనైల్ ఫినాల్‌గా మారుతుంది, చేపల హార్మోన్లను దెబ్బతీస్తుంది. మేం దాన్ని కొనడం ఎప్పుడో మానేశాం. స్టోరు రిజిస్టరు తిరగేశాం, లేదు. కెమికల్ డ్రమ్ములతో వచ్చే సేఫ్టీ డేటా షీట్లు, అంటే లోపల ఏముందో అమ్మినవాళ్లు రాసిచ్చే కాగితాలు, అన్నీ చదివాం, వాటిలోనూ లేదు.

చివరికి బ్యాచ్ కార్డు, అంటే ఒక విడత బట్టతో పాటే తిరిగే వివరాల చీటీ, తీశాను. తడి చేతులు పడీ పడీ అంచులు మెత్తబడిన అట్టముక్క. వెనకవైపు పెన్సిల్‌తో నూలు లాటు నంబరు, అల్లిన మెషీన్ నంబరు రాసి ఉన్నాయి. అదే లాటులో ఇంకా అద్దకానికి వెళ్లని బట్ట ముక్క కోసి పరీక్షకు పంపితే, అందులో ఆ కెమికల్ మేం అద్దిన బట్టలోకన్నా ఎక్కువే ఉంది! అల్లిక మెషీన్ సూదులకు పోసే నూనెలో ఉందది. బట్టకు అంటిన నూనె ఉతుకులో సులువుగా వదలాలని కలుపుతారు. మేం ఎంత ఉతికినా కొంత మిగిలిపోయింది. ఆ పెన్సిల్ రాతే లేకపోతే తప్పు మాదేనని ఒప్పుకునేవాళ్లం, ఆ నూనె అలాగే వాడుతూ ఉండేవాళ్లు.

ఈ కెమికల్ చాలావరకు ఉతుకు నీళ్లతోనే పోతుంది. అంటే పరీక్షలో నెగ్గిన బట్ట కూడా ఏదో ఏటిని పాడుచేసి ఉండొచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. అందుకే జెడ్‌డీహెచ్‌సీ అనే సంస్థ 2014లో తెచ్చిన జాబితా తయారైన బట్టను వదిలి, ఫ్యాక్టరీలోకి వచ్చే డ్రమ్ములో ఏముండకూడదో చెబుతుంది. డేటా షీటు ఒక్కటే చాలదు, కొద్ది మోతాదులో ఉన్నవి అందులో రాయకపోవచ్చు. ఆ తర్వాత మేం కొత్త డ్రమ్ము వస్తే ముందు నమూనా తీసి పరీక్ష చేయించేవాళ్లం.

ఇక మీ చీటీ. ఉత్త మాట మాత్రమే ఉంటే నేనైతే నమ్మను. బట్టలో హానికర రసాయనాలు పరీక్షించి ఇచ్చే ఓకోటెక్స్ స్టాండర్డ్ 100 లాంటి ముద్ర, దానితో నంబరు ఉంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూడండి. మూడేళ్లలోపు పిల్లల బట్టలకు అందులో మొదటి తరగతి, అన్నిటికన్నా కఠినమైనది. ముడతలు పడకుండా వాడే ఫార్మాల్డిహైడ్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి, ఏ కొత్త చొక్కా అయినా రెండుసార్లు ఉతికాకే పాపకు తొడగండి. క్యాన్సర్ కారక అమైన్లు అనే రసాయనాలుగా విరిగే కొన్ని అజో రంగులు (ఒక రకం కృత్రిమ రంగులు) మాత్రం ఉతికినా పోవు. యూరోపియన్ యూనియన్ 2002లో ఆ అమైన్లకు కిలో బట్టకు 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది.

అమ్మినవాళ్లు పరీక్ష రిపోర్టు చూపిస్తే, ఏ రంగు బట్టను పరీక్షించారో చూడండి. తెల్ల బట్ట రిపోర్టు ఎర్ర చొక్కాకు పనికిరాదు.