డిప్రెషన్ మందు మొదలుపెట్టాక గాభరా పెరిగింది, ఆపేయాలా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. నా భార్యకు 36 ఏళ్లు. ఆరు నెలలుగా నిద్ర లేక, దేనిమీదా మనసు నిలవక బాధపడుతోంది. కరీంనగర్‌లో మానసిక వైద్యులు డిప్రెషన్ తగ్గించే ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల బిళ్ల వారం పాటు సగం, ఆపైన పూర్తిగా వేసుకోమన్నారు. రాత్రికి నిద్ర పట్టి గాభరా తగ్గేందుకు క్లోనజెపామ్ కూడా రాశారు. ఐదు రోజులుగా గాభరా పెరిగింది, పోపు వాసనకే కడుపులో తిప్పుతోందంటోంది. అలవాటైతే జీవితాంతం వదలదని బంధువులు భయపెడుతున్నారు. ఆపేయవచ్చా?

జవాబు: దయచేసి మీ అంతట మీరు ఆపవద్దు. ఈ మందుతో ఇబ్బందులు ముందుగా వస్తాయి, మేలు ఆలస్యంగా తెలుస్తుంది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం నాడీకణాల మధ్య ఎక్కువసేపు నిలిచేలా బిళ్ల మొదటి రోజు నుంచే పనిచేస్తుంది గానీ, మనసు తేలికపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. వికారం, తలనొప్పి, గాభరా చాలామందిలో ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి. సగం బిళ్లతో మొదలుపెట్టించింది అందుకే. ఉదయం ఏదైనా తిన్నాక వేసుకుంటే వికారం కొంత తగ్గుతుంది. గాభరా భరించలేనంతగా ఉంటే మాత్రం పూర్తి బిళ్లకు మారకముందే ఆ వైద్యులకు ఫోన్ చేయండి.

బంధువుల భయంలో కొంత నిజం ఉంది. అలవాటయ్యే గుణం క్లోనజెపామ్‌ది. దాన్ని సాధారణంగా కొద్ది వారాలకే రాస్తారు, కాబట్టి పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ కొనకండి. ఎస్సిటాలోప్రామ్ కోసం మనిషి వెంపర్లాడడు. అయితే ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో కళ్లు తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమనడం మొదలు కావచ్చు. గోదావరి దాటి వెళ్లి మందులు తెచ్చుకునే మీకు వానాకాలంలో ఈ చిక్కు తప్పదు గనుక, పదిహేను రోజులకు సరిపడా బిళ్లలు ముందే తెచ్చి మీ దగ్గరే ఉంచుకొని, ఏ రోజుది ఆ రోజు మీ చేతులతో ఇవ్వండి. పూర్తిగా కోలుకున్నాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, తర్వాత వైద్యులే మెల్లగా తగ్గిస్తారు.

మీ ప్రాంతం కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. గడ్చిరోలిలో మలేరియా ఎక్కువ. జ్వరమొచ్చి పరీక్షలో మలేరియా తేలితే ఈ బిళ్ల సంగతి చికిత్స చేసేవారికి ముందే చెప్పండి, ఎందుకంటే క్లోరోక్విన్ వంటి మందులతో ఇది కలిసినప్పుడు గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. అలాగని మలేరియా చికిత్సను వాయిదా వేయకూడదు. ఈ బిళ్లతో పాటు ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వాడితే కడుపులో రక్తస్రావం కావచ్చు, పారాసిటమాల్ మేలు.

ఈ తొలి వారాల్లో ఆమెను ఒంటరిగా వదలకండి. చావు మాట ఎత్తినా, కాసేపు కూడా కుదురుగా కూర్చోలేకపోతున్నా, నిద్ర లేకున్నా విపరీతమైన హుషారుతో మాట్లాడుతున్నా అదే రోజు వైద్యులకు చూపించండి. రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఫోన్‌తో ఆగకుండా వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.