చిన్నదైతే వెంటనే, పెద్దదైతే నిదానంగా

మీ ప్రశ్నలు – మా జవాబులు
(పంతొమ్మిదేళ్లు పరాయి దేశంలో మిషనరీగా పనిచేసి వచ్చిన ఒక టీచరమ్మ ఈ నెల ఉత్తరాలకు జవాబు ఇస్తున్నారు.)

ప్రశ్న: అమ్మా, ప్రభువు నామంలో వందనాలు. నేను విదేశంలో మిషనరీగా చేరి పద్నాలుగు నెలలైంది. మా కూడికలకు వచ్చే ఒక పెద్దావిడ మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటారు. ఒక సాయంత్రం ఆ వీధిలో నడుస్తుంటే, పైకి వెళ్లి ఆవిణ్ని పలకరించమని లోపల గట్టిగా అనిపించింది. బైబిల్ క్లాసుకి టైం అయిపోతోందని వెళ్లలేదు. ఆ రాత్రే ఆవిడ వంటగదిలో జారిపడి తెల్లారేదాకా నేలమీదే ఉన్నారట. ఆవిడ కోలుకున్నారు, నేనే కోలుకోలేదు. ఇప్పుడు ఏ ఆలోచన వచ్చినా ఇది పరిశుద్ధాత్మ ప్రేరేపణేమో, వినకపోతే ఏమవుతుందో అని భయం. బస్సు మధ్యలో దిగిపోతున్నాను. ముక్కూమొహం తెలియనివాళ్ల తలుపులు కొడుతున్నాను. పోయిన వారం రెండు క్లాసులు ఎగ్గొట్టానని మా టీం లీడర్ మందలించారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది దేవుని స్వరమో, ఏది నా మనసో ఎలా తెలుస్తుంది?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: బాబూ, ముందు ఆ పెద్దావిడ సంగతి. ఆవిడ పడింది కాలు జారి, నువ్వు మెట్లెక్కనందుకు కాదు. నువ్వు వెళ్లి పావుగంట కూర్చుని వచ్చేసినా రాత్రి ఆవిడ వంటగదిలోకి ఒంటరిగానే వెళ్లేవారు. పైకి వెళ్లమని నీకు అనిపించింది నిజమే కావచ్చు. వెళ్లకపోవడం నీ పొరపాటే కావచ్చు. ఆ రెంటినీ ముడేసి, నేను మాట వినలేదు కాబట్టే ఇలా జరిగింది అని కథ అల్లుకున్నావు చూడు, అది మాత్రం నీ సొంత అల్లిక.

ఇంతకీ ఆ తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్లావా? ఉత్తరంలో ఆ మాటే లేదు. వెళ్లకపోయి ఉంటే ఇది పక్కన పెట్టి ముందు ఆ మెట్లెక్కు. తక్కినది వచ్చాక చదువుకోవచ్చు.

రెండోది నిద్ర. ఏలీయా ప్రవక్త హోరేబు కొండ మీద ‘మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము’ విన్నాడని మనం ప్రసంగాల్లో తెగ చెప్పుకుంటాం. అంతకుముందు జరిగినదాన్ని మాత్రం తొందరగా దాటేస్తాం. చావాలనిపించి బదరీవృక్షం కింద పడుకున్నవాణ్ని దేవదూత లేపి రొట్టె తినిపించాడు, నీళ్లు తాగించాడు. ఆయన మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. స్వరం సంగతి ఆ తర్వాత, నలభై రోజుల నడక అయ్యాక. నిద్రలేనివాడి చెవికి వినిపించేవన్నీ నమ్మకు. కాథలిక్కుల్లో జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 16వ శతాబ్దంలో ఇదే చెప్పాడు. మనసు చీకట్లో ఉన్నప్పుడు అంతకుముందు చేసుకున్న తీర్మానాలను మార్చొద్దన్నాడు. మా సంఘంలో ఆయన పేరు ఎత్తితే కొందరు కనుబొమలు ఎగరేస్తారు గానీ, మనుషుల మనసుల్ని ఆయనంత ఓపిగ్గా చూసినవాళ్లు తక్కువ. నీ విషయంలో దాని అర్థం చాలా మామూలుది. ఈ నెలంతా నీ టైంటేబుల్ ఏం చెబితే అది చెయ్యి. క్లాసుకి వెళ్లు.

ఇక అసలు ప్రశ్న. గీత గీసినట్టు తేడా చెప్పడం నా వల్ల కాదు. నేను గమనించింది మాత్రం చెబుతాను. భయం చాలా మాట్లాడుతుంది. ‘వెళ్లకపోతే చూడు’ అంటుంది, కారణాలు చెబుతుంది, పాతవన్నీ తవ్వుతుంది. ప్రేరేపణ ఒక్క మాటతో సరిపెట్టుకుంటుంది. వెళ్లు. అడుగు. ఆగు. ఫిలిప్పు కథలో చూడు. గాజాకు పోయే దారి పట్టమని దూత చెప్పాడు, ఎందుకో చెప్పలేదు. అది అరణ్యమార్గం. ఆ దారిలో లేఖనం చదువుకుంటూ పోతున్న ఐతియొపీయుడి రథం కనిపించాక ఆత్మ చెప్పింది కూడా దాని దగ్గరకు పోయి కలుసుకో అనే. ఏం మాట్లాడాలో ఫిలిప్పు చూసుకోవాల్సిందే. ఆయన మొదట ప్రసంగం ఎత్తుకోలేదు. ‘నీవు చదువునది గ్రహించుచున్నావా?’ అని ఒక ప్రశ్న అడిగాడు.

మంచి ప్రేరేపణ వస్తే మనసంతా శాంతి నిండుతుందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. నాకు వచ్చినవాటిలో చాలావరకు విసుగు పుట్టించాయి. వర్షంలో, తిండి వేళకి, చెప్పులు విప్పేశాక వచ్చేవి.

నాకు రెండో ఏడు నడుస్తుండగా ఒకరోజు, రోజూ దాటుకుంటూ పోయే ఒక నీలం తలుపు ముందు ఆగాలనిపించింది. తట్టాను. యాభై ఏళ్లాయన తలుపు తీశాడు. సగం గడ్డం గీసుకుని ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ. వచ్చీరాని భాషలో, నేను మీకు శుభవార్త చెప్పడానికి వచ్చాను అన్నాను, అన్నాననుకున్నాను. ఆ భాషలో చెప్పడానికీ అమ్మడానికీ ఒక్క అక్షరమే తేడా. ఆయన రేజరు కిందికి దించి నన్ను ఎగాదిగా చూసి ‘ఎంత?’ అని అడిగాడు. తప్పు తెలిసేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నవ్వి, ఆ మాట నా చేత పదిసార్లు పలికించాడు, నురగ ఆరిపోతున్నా పట్టించుకోకుండా. స్కూల్లో వ్యాకరణం చెప్పి రిటైరైన మనిషి. తర్వాత మూడేళ్లు వారానికోసారి వాళ్లింటికి వెళ్లి నా వాక్యాలు దిద్దించుకున్నాను. ఆయన చివరిదాకా క్రీస్తును నమ్ముకోలేదు. నాకు మాత్రం భాష వచ్చింది. ఆ తలుపు దగ్గర ఆగమన్నది ఆయన కోసమా నా కోసమా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

అప్పట్లో నేనొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. పేజీకి మూడు గళ్లు. ఏం అనిపించింది, ఏం చేశాను, ఏం జరిగింది. మొదటి రెండు గళ్లు నిండేవి. మూడోది చాలావాటికి ఖాళీగా ఉండిపోయింది. మొదట్లో ఆ ఖాళీ చూస్తే నీలాగే బాధపడేదాన్ని. తర్వాత మూడో గడి గియ్యడం మానేశాను.

చిన్నవాటిని వెంటనే చేసెయ్యి. ఒక పలకరింపు, ఒక ఫోను, ఒక క్షమాపణ. దేవుని స్వరం కాకపోయినా పోయేదేం లేదు, మహా అయితే పావుగంట. దానికి ఇంకొకరి టైం ఖర్చవుతుంటే మాత్రం, నీ క్లాసులో కూర్చుని ఎదురుచూసేవాళ్లది అనుకో, అది చిన్నది కాదు. అప్పుడు మీ లీడర్‌తో ఒక మాట చెప్పి కదులు. బాలుడైన సమూయేలు మూడుసార్లు పిలుపు విని మూడుసార్లూ యాజకుడు ఏలీ పిలిచాడనుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాడు. పొరబడ్డందుకు ఎవరూ ఆయన్ని తిట్టలేదు. పిలిచింది ఎవరో ముందు తెలిసింది కూడా ఆ ముసలాయనకే.

ప్రశ్న: అమ్మగారూ, మేం పనిచేస్తున్న దేశంలో బహిరంగ ప్రచారానికి అనుమతి లేదు. మా టీంలో ఒక సహోదరుడు, ఫలానా ఊళ్లో ఇంటింటికీ కరపత్రాలు పంచమని దేవుడు తనతో మాట్లాడాడు అంటున్నారు. స్థానిక విశ్వాసులు భయపడుతున్నారు. వాళ్లది అవిశ్వాసం అని ఆయన అంటున్నారు. కాదంటే ఆత్మను ఆర్పినట్టు అవుతుందా?
– ఒక సహోదరి

జవాబు: కాదు తల్లీ. ‘ఆత్మను ఆర్పకుడి’ అని రాసిన చేత్తోనే పౌలు రెండు వచనాల తర్వాత ‘సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి’ అని రాశాడు. మొదటిది గోడకి తగిలించుకుని రెండోది వదిలేయడం మనకు అలవాటైపోయింది.

ఈ తప్పు నేనూ చేశాను. నాలుగో ఏట, పిల్లల ఆదివారపు క్లాసును ఊరి అవతలి వైపుకి మార్చమని దేవుడు నాతో చెప్పాడని కచ్చితంగా నమ్మాను. ఉపవాసం ఉన్నాను, ఒక వాక్యం కూడా దొరికింది. సంఘంలో నిలబడి ‘దేవుడు చెప్పాడు’ అన్నాను. ఎవరూ కిక్కురుమనలేదు, అందరికీ సమ్మతమే అనుకున్నాను. కొత్త చోటుకి రావాలంటే రెయిలింగు లేని సన్నటి వంతెన దాటాలి. చిన్నపిల్లల తల్లులు ఒక్కొక్కరే మానేశారు. అయిదు నెలలకి నేనూ, ఇద్దరు పిల్లలూ, ఒక హార్మోనియం మిగిలాం. మూసేసిన రోజు, చాపలు చుడుతూ అక్కడి పెద్దక్క ఒకావిడ నెమ్మదిగా అంది: ‘ఆ వంతెన సంగతి మాకు ముందే తెలుసు. మీరేమో దేవుడు చెప్పాడన్నారు. దేవుడితో మేం వాదించలేం కదా.’

ఆ తర్వాత పదిహేనేళ్లు అక్కడున్నా ఆ మాట మళ్లీ సంఘంలో వాడలేదు. ‘నాకు ఇలా అనిపిస్తోంది, మీకేమనిపిస్తోంది?’ అని అడిగేదాన్ని. యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు కూర్చుని తర్జనభర్జన పడ్డాక రాసిన ఉత్తరంలో కూడా ‘పరిశుద్ధాత్మకును మాకును తోచెను’ అని ఉంటుంది. ఆ ‘మాకును’ అనే మాట నాకు చాలా ఇష్టం.

మీ విషయంలో ఇంకో సంగతి ఉంది. నేపాల్ 2015 రాజ్యాంగంలోని 26వ అధికరణ ఇతరుల్ని మతం మార్చడాన్ని నిషేధించింది. అక్కడి శిక్షాస్మృతి ప్రకారం అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు, విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. రష్యాలో 2016 సవరణల తర్వాత మిషనరీ పనికి సంస్థ ఇచ్చిన పత్రం చేతిలో ఉండాలి. ఇళ్లలో చేసే ప్రచారం మీద కూడా ఆంక్షలున్నాయి. మీరున్న దేశంలో చట్టం ఎలా ఉందో ఆ సహోదరుడు పూర్తిగా చదివారా? పట్టుబడితే ఆయనకు తన దేశం, తన పాస్‌పోర్టు ఉన్నాయి. స్థానికులు అక్కడే ఉండాలి. వాళ్ల పిల్లలు అదే బడికి వెళ్లాలి. వాళ్ల భయాన్ని అవిశ్వాసం అనడానికి ఆయనకు హక్కు లేదు. 2018లో అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవికి పిలుపు ఉందని వెళ్లి ప్రాణం పోగొట్టుకున్న అమెరికన్ యువకుడి గురించి విన్నప్పుడు, అతని ధైర్యం కంటే ముందు ఆ దీవి వాళ్లే నాకు గుర్తొచ్చారు. బయటి లోకపు జబ్బులను తట్టుకునే శక్తి లేని మనుషులు వాళ్లు.

అలాగని స్నేహితులు వద్దన్న ప్రతిదీ దేవుడు వద్దన్నట్టు కాదు. తూరు పట్టణంలో శిష్యులు పౌలును యెరూషలేముకు వెళ్లొద్దని ఆత్మ ద్వారానే చెప్పారు. కైసరయలో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టుతో తన కాళ్లూ చేతులూ కట్టుకుని మరీ చూపించాడు. అయినా ఆయన వెళ్లాడు. ఒకటి గమనించు, అక్కడ సంకెళ్లు ఎదురుచూస్తున్నది పౌలు చేతుల కోసం. మీ సహోదరుడి ప్రేరేపణలో సంకెళ్లు ఎవరి చేతులకి పడతాయో ఆయన్నే అడుగు, అందరి ముందూ కాదు, విడిగా. పెద్దదైతే నిదానంగా కదలాలి. నిజంగా దేవుడిదైతే ఆర్నెల్ల తర్వాత కూడా అది అక్కడే ఉంటుంది.

ప్రశ్న: నాకు ఒక దేశం మీద భారం కలిగింది, అక్కడికి వెళ్లి సేవ చెయ్యాలని. వీసా రెండుసార్లు తిరస్కరించారు. దేవుడు తలుపు మూసినట్టేనా?

జవాబు: వీసా ఆఫీసు మూసింది. దేవుడు మూశాడో లేదో కొన్నాళ్లు ఆగితేగానీ తెలియదు. ఆఫ్రికా మిషనరీగా పేరుపడ్డ డేవిడ్ లివింగ్‌స్టన్ మొదట వెళ్లాలనుకున్నది చైనాకి. నల్లమందు యుద్ధం అడ్డం వచ్చింది, 1840లో ఆఫ్రికాకి ఓడెక్కాడు. పౌలు, సీల ఆసియలో (ఇప్పటి టర్కీ పడమటి వైపు ఉన్న రోమా పరగణా) వాక్యం చెప్పబోతే ఆత్మ ఆపింది. బితూనియకు పోబోతే అక్కడా ఆపింది. త్రోయలో రాత్రి దర్శనంలో మాసిదోనియ దేశస్థుడొకడు నిలబడి రమ్మన్నాడు. తీరా ఫిలిప్పీకి వెళ్తే ఆ మనిషి జాడ లేదు, ఏటి ఒడ్డున కొందరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అక్కడ హృదయం తెరిచిన లూదియ ఊదారంగు పొడి అమ్ముకునే మనిషి. ఆవిడ సొంత ఊరు తుయతైర, అంటే ఆసియ! వద్దన్న చోటి మనిషే ముందు దొరికింది. తర్వాత పౌలు అదే ఆసియలో, ఎఫెసులో, రెండేళ్లు బోధించాడు కూడా.

మూడోసారి అప్లై చెయ్యండి. ఈలోగా ఆ దేశపు భాష నేర్చుకోవడం మొదలుపెట్టండి.

ప్రశ్న: వచ్చి ఏడాదైంది. తోటివాళ్లంతా దేవుని నడిపింపుల గురించి సాక్ష్యాలు చెబుతుంటారు. నాకు ఒక్కసారి కూడా ఏమీ అనిపించలేదు. నేను పొరపాటున వచ్చానా?

జవాబు: వాళ్లు చెప్పేవి ఫలించినవి. నా నోట్‌బుక్ లాంటివి వాళ్లందరి దగ్గరా ఉంటాయి, చూపించరు. అమెరికన్ మిషనరీ అదోనీరాం జడ్సన్ 1813 జూలైలో బర్మాలోని రంగూన్‌లో దిగాడు. మొదటి బర్మా విశ్వాసికి బాప్తిస్మం ఇచ్చింది 1819లో. మధ్య ఆరేళ్లూ ఎక్కువగా చేసిన పని భాష నేర్చుకోవడం, వ్యాకరణం రాసుకోవడం, అనువాదం. రోజూ దర్శనాలు వస్తే ఆ పని అయ్యేది కాదేమో.

మీ ఉత్తరం చివర్లో, సోమవారం పొద్దున మీ క్లాసుకి పదకొండు మంది వస్తారని రాశారు. పాఠం తయారు చేసుకున్నారా?