‘కాయ కుళ్లిపోతాది, నిద్ర ఆపుకో’ అనే ఓనరుకు చట్టం ఏం చెబుతుంది?

ప్రశ్న: లాయర్ గారూ, నమస్కారం. మాది గుత్తి దగ్గర పల్లె. వయసు 41. పద్దెనిమిదేళ్లుగా లారీ తోలుతున్నా. మా ఓనరుకు ఏడు లారీలు ఉన్నాయి. అనంతపురం మార్కెట్ నుంచి ఢిల్లీకి చీనీ (బత్తాయి) కాయలు పోతాయి. మూడున్నర రోజుల్లో దించాలంటాడు. ముందు డబుల్ డ్రైవర్ మీద పంపేవాడు, ఇప్పుడు నన్నొక్కడినే పంపుతున్నాడు. లేటయితే ట్రిప్పు డబ్బుల్లో రెండు మూడు వేలు కోసేస్తాడు. దారిలో ఫోన్ చేసి ఆపుతానంటే, ‘పండుకుంటే కాయ కుళ్లిపోతాది, మొగం కడుక్కొని పో’ అంటాడు. పోయిన నెల నాగ్‌పూర్ దాటినాక కన్ను మూతపడి బండి డివైడర్‌కు రాసుకుంది. ఎవరికీ ఏం కాలేదు. డ్రైవరుకు ఇన్ని గంటలే పని అని చట్టం ఉందా? నిద్ర వల్ల యాక్సిడెంట్ అయితే జైలుకు పోయేది నేనొక్కడినేనా? నా ఒరిజినల్ లైసెన్సు ఆయన దగ్గరే ఉంది. పోను అంటే పని తీసేస్తానంటున్నాడు. తోటి డ్రైవర్లేమో ‘గంటల లెక్క వస్తే మన బత్తా పోతుంది, ఊరికే ఉండు’ అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం చదువుతూ డివైడర్ మాట దగ్గర ఆగిపోయాను. అరవై మీద పోయే లారీ సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప పడితే 50 మీటర్లు బండిని ఎవరూ నడపనట్టే. 2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున మన 44వ నంబరు హైవే మీదే, వెల్దుర్తి మండలం మాదార్‌పురం దగ్గర, ఒక టెంపో ట్రావెలర్ డివైడర్ దాటి అవతలి వైపు వస్తున్న లారీని ఢీకొంది. 14 మంది చనిపోయారు. డివైడర్‌కు రాసుకోవడానికీ, డివైడర్ దాటడానికీ మధ్య ఎంత దూరముందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే చట్టం సంగతికి ముందు ఒక మాట: కన్ను మూతపడుతుంటే ఫోన్ చేసి ఓనరు అనుమతి అడగకండి. బండి పక్కకు తీసి ఆపండి, ఆ తర్వాత ఫోన్ చేసి ‘ఆపాను’ అని చెప్పండి.

ఇక మొదటి ప్రశ్న. చట్టం ఉంది, కొత్తగా వచ్చిందీ కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది. దూరపు రూట్లకు ముందస్తు అనుమతి ఉంటే 10 గంటలు, వారానికి 54. ఐదు గంటలు పని చేశాక అరగంట విరామం. విరామాలతో కలిపి మొత్తం 12 గంటలు దాటకూడదు. ఒకరోజు డ్యూటీ దిగాక మళ్లీ ఎక్కేలోపు వరుసగా 9 గంటల విశ్రాంతి. వారానికి ఒకరోజు సెలవు. అరవై ఏళ్ల కిందటే ఇంత వివరంగా రాసి పెట్టారు. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి ఆరు రోజులు అన్నవి ఇందులోనూ ఉన్నాయి. మధ్య విరామం ఎంత, మొత్తం ఎన్ని గంటల్లో పని ముగియాలి అన్నవి ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించాలి. 8 గంటలు దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలి. ఆ అదనపు పని కూడా మీరు ఒప్పుకుంటేనే చేయించాలి.

ఇక్కడ మీ ఓనరు లాయరు తప్పకుండా ఒక మాట లేవదీస్తాడు. పాత చట్టం ఐదుగురు పనివాళ్లున్న సంస్థకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్యను పదికి పెంచారు. నా దృష్టిలో ఇది డ్రైవర్లకు జరిగిన అన్యాయం, ఎందుకంటే మన జిల్లాల్లో రెండు మూడు లారీల ఓనర్లే ఎక్కువ. కానీ మీ విషయంలో భయం లేదు. ఏడు లారీలు అంటే ఏడుగురే అని లెక్కేయకండి. మోటారు రవాణా కార్మికుడు అంటే క్లీనర్, ఆఫీసులో బుకింగ్ చూసే గుమస్తా, షెడ్డు కాడ వాచ్‌మన్ కూడా. అందరినీ కలిపి వేలు మడిచి లెక్కపెట్టండి, పది దాటుతుందనే అనుకుంటున్నా.

ఒకవేళ దాటకపోయినా దారి ఉంది. మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్, రవాణా వాహనం నడిపే ఎవరికైనా పని గంటలు 1961 చట్టంలో చెప్పినట్టే ఉండాలంటుంది. అక్కడ ఎంతమంది పనివాళ్లు అన్న లెక్క లేదు. 1961 చట్టం రద్దయింది కదా అంటే, జనరల్ క్లాజెస్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, ఒక చట్టాన్ని రద్దు చేసి దాని బదులు కొత్తది తెస్తే, పాతదాని పేరు కనిపించిన చోట కొత్తదాన్ని చదువుకోవాలి. నేనైతే కోర్టులో ఈ వాదనే పెడతాను. ఈ 91వ సెక్షన్ కాగితం మీదే ఉండిపోయిందని సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. డ్రైవర్ల 8 గంటల నిబంధనను ఎలా అమలు చేస్తారో తేల్చమని 2025 ఏప్రిల్‌లో కేంద్రాన్ని ఆదేశించింది.

ఇప్పుడు మీ ఓనరు చెప్పే మూడున్నర రోజుల లెక్క చూద్దాం. అనంతపురం నుంచి ఢిల్లీ రెండు వేల కిలోమీటర్లకు దగ్గర. లోడు బండి, టోల్‌గేట్లు, టైర్ల చెకింగ్ అన్నీ కలిపి గంటకు సగటున 50 అనుకున్నా 40 గంటల స్టీరింగ్. ఒక్క మనిషికి రోజుకు 8 చొప్పున అయిదు రోజులు. మూడున్నర రోజుల్లో కాయ దిగాలంటే ఇద్దరు డ్రైవర్లు కావాలి, వేరే మార్గం లేదు. ఒకప్పుడు నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు తప్పనిసరి. 2018లో ఆ నిబంధన తీసేశారు. ఇద్దరు ఉండాలన్న నియమం పోయిందే కానీ, ఒక్కడే ఇద్దరి పని చేయొచ్చని ఏ చట్టమూ అనలేదు. తిరుగు లోడుకు ‘ఈ-వే బిల్లు టైమ్ అయిపోతుంది’ అని తొందర పెడితే కూడా నమ్మకండి. సరుకు వెంట ఉండే ఆ జీఎస్టీ పత్రానికి 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఉంది. దారిలో ఆటంకం వస్తే గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరిన 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు. అది ఆఫీసులో కూర్చుని చేసే పని.

మీ తోటి డ్రైవర్ల మాటను నేను తీసిపారేయను. నా దగ్గరకు వచ్చే డ్రైవర్లలో సగం మంది ఇదే అంటారు. ట్రిప్పు లెక్కన డబ్బులొచ్చే మనిషికి, ఆగిన ప్రతి గంటా పిల్లల ఫీజులో కోతలాగే ఉంటుంది. ఆపుదామన్నా ఎక్కడ ఆపాలి? హైవే పక్కన ఆపితే పోలీసులు కదలమంటారు, చీకట్లో ఆపితే డీజిల్ పోతుంది, టార్పాలిన్ కోసి సరుకు లాగేస్తారు, ఆ నష్టం మళ్లీ డ్రైవరు నెత్తినే. ఇవన్నీ నిజాలే. కానీ గంటల చట్టం బత్తా తగ్గించమని ఎక్కడా చెప్పలేదు. 8 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వమంది. ట్రిప్పు లెక్కన ఇస్తున్నా సరే, ఆ ట్రిప్పుకు పట్టిన గంటలతో భాగించి లెక్క తీయొచ్చు. 14 గంటలు తోలి 8 గంటల కూలికే సంతోషపడుతున్నామని మీ వాళ్లకు ఒకసారి లెక్క వేసి చూపించండి.

రెండో ప్రశ్న, జైలు. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. నిద్రలో బండి పోయి మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద కేసు స్టీరింగ్ పట్టిన మీ మీదే పడుతుంది. శిక్ష ఐదేళ్ల దాకా. పాత ఐపీసీలో రెండేళ్లే ఉండేది. ‘ఓనరు పొమ్మన్నాడు’ అన్నది మిమ్మల్ని పూర్తిగా తప్పించదు, నిద్ర వస్తోందని తెలిసీ నడిపారు కాబట్టి. అయితే ఓనరు తప్పించుకుంటాడని కాదు. ప్రమాదకరంగా నడపడం మోటారు వాహనాల చట్టం 184 కింద నేరం, దానికి పురికొల్పినవాళ్లకూ అదే శిక్ష అని 188 చెబుతుంది. ఈ 188ని పోలీసులు వాడటం నేను చాలా తక్కువగా చూశాను. కారణం ఒకటే, ఓనరు ఏమన్నాడో రుజువు ఉండదు. అందుకే ‘నిద్ర వస్తోంది, ఇక్కడ ఆపుతున్నా’ అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టండి. ఆయన జవాబు వాయిస్‌లో వస్తే డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి.

పారిపోతే పదేళ్లు అంటున్నారే అని చాలామంది అడుగుతారు. అది 106(2). 2024 జనవరిలో డ్రైవర్ల సమ్మె తర్వాత దాన్ని అమల్లోకి తేలేదు. అలాగని పారిపోవచ్చని కాదు. దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం అది మీ బాధ్యత. జనం కొట్టేలా ఉంటే అక్కడ నిలబడమని చట్టం కూడా అనదు, నేరుగా దగ్గరి స్టేషన్‌కు వెళ్లి చెప్పండి. 24 గంటలు దాటనివ్వొద్దు.

అవతలివాళ్లకు పరిహారం మాత్రం ఓనరూ, ఇన్సూరెన్సు కంపెనీ చూసుకోవాల్సిందే. మరి దెబ్బ మీకే తగిలితే? ఇది డ్రైవర్లకు తెలియక చాలా ఇళ్లు నష్టపోతున్నాయి. తప్పు మీదే అయినప్పుడు యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో మీకు పెద్దగా రాదు. కానీ ఉద్యోగుల పరిహార చట్టం, ఇప్పుడు అది సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది, డ్రైవరు అజాగ్రత్తను చూడదు. పనిలో ఉండగా జరిగిందా లేదా అన్నదే చూస్తుంది. రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. నిద్ర ఆపుకోవడానికి మాత్రలో, మందో వేసుకున్నట్టు తేలితే గాయాల కేసులో ఆ పరిహారానికి గండి పడుతుంది, గుర్తుంచుకోండి. ప్రమాదమే అక్కర్లేదు కూడా. ఢిల్లీ నుంచి జార్ఖండ్‌లోని నిమియాఘాట్‌కు 1,152 కిలోమీటర్లు లారీ తోలుకొచ్చిన డ్రైవరు ఒంట్లో బాగోలేక బండి పక్కన ఆపి, కుప్పకూలి చనిపోయాడు. పని ఒత్తిడి వల్లే ఇది జరిగిందని, కుటుంబానికి పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పింది.

ఇలాంటి కేసు ఒకటి నేనూ చేశాను. మన జిల్లా డ్రైవరే, రాత్రి పూట ఆగి ఉన్న ట్రెయిలర్‌ను వెనక నుంచి కొట్టి చనిపోయాడు. ‘ఆయన మా డ్రైవరే కాదు, ఆ ఒక్క రోజు వేరేవాళ్ల బదులు వచ్చాడు’ అని ఓనరు జవాబు వేశాడు. కాగితం ముక్క లేదు. వాయిదా రోజు అతని భార్య కొంగులో చుట్టి ఒక జేబు నోట్‌బుక్ తెచ్చింది. ఆయిల్ మరకలు, అంచులు నలిగిపోయి ఉన్నాయి. డీజిల్ ఎన్ని లీటర్లు, గాలి ఎక్కడ పట్టించింది, ఏ టోల్ ఏ టైముకు దాటింది, వంకర అక్షరాలతో పదకొండు నెలల లెక్క. చివరి పేజీలో ‘మరూరు 9.20, కాసేపల్లి 10.50, అమకతాడు 12.35’ అని ఉంది. కింద ఇంకేమీ లేదు. లారీ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ బ్యాంకు నుంచి తెప్పిస్తే ఆ టైములన్నీ సరిపోయాయి. ఆ తర్వాత ఓనరు తరఫున ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

అందుకే మీరు కూడా జేబులో ఒక పుస్తకం పెట్టుకోండి. ఫాస్టాగ్ మెసేజ్‌లు ఓనరు నంబరుకే పోతాయి, మీకు రావు. కానీ టైము మీరు రాసుకుంటే, రేపు కోర్టు ద్వారా ఆ స్టేట్‌మెంట్, బండిలోని జీపీఎస్ వివరాలు తెప్పించడం మా పని. లోడు దగ్గర ఎన్ని గంటలు నిలబెట్టారో కూడా రాయండి. ఓనరు చెప్పుచేతల్లో ఉన్న సమయం పని గంటల లెక్కలోకి వస్తుందని పాత చట్టమే చెప్పింది, స్టీరింగ్ పట్టుకున్నదొక్కటే కాదు.

లేటుకు కోత గురించి. జరిమానా వేయాలంటే ముందుగా ఏ తప్పుకు అన్నది ప్రకటించి ఉండాలి, మీ వివరణ వినాలి, అదీ ఆ వేతన కాలంలో మీకొచ్చే వేతనంలో 3 శాతం మించకూడదు. మీ ఓనరు కోసేది ఆ గీతకు ఎక్కడో అవతల ఉంది. వేతనాల కోడ్ కింద మూడేళ్ల వరకు వెనక్కి అడగొచ్చు. డబ్బు సరిగా ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది ఓనరే, ఇవ్వలేదని మీరు కాదు.

లైసెన్సు రేపే వెనక్కి అడగండి. అది మీ పేరున ప్రభుత్వం ఇచ్చింది, తాకట్టు వస్తువు కాదు. ఇవ్వకపోతే స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి. ఈలోపు డిజీలాకర్‌లోకి ఎక్కించుకోండి, దారిలో పోలీసులకు అది చూపిస్తే చాలు. పని తీసేస్తానంటే అంత సులువు కాదు. ఏడాదిలో 240 రోజులు చేసినవాణ్ని పనిలోంచి తీసేయాలంటే నోటీసు, సర్వీసు ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం ఉంటాయి. కొత్త కోడ్ ప్రకారం మీకు నియామక పత్రం కూడా ఇవ్వాలి, అది అడగండి.

ఫిర్యాదు అనంతపురం కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఫీజు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లకండి. ఊరికే ఉండమన్న ఆ తోటి డ్రైవర్లలో ఒకరినో ఇద్దరినో వెంట తీసుకెళ్లండి, కోతల లెక్క వాళ్ల దగ్గరా ఉంటుంది. ఈ వారం మళ్లీ చీనీ లోడు ఎక్కిస్తే మాత్రం, బండి మార్కెట్ గేటు దాటకముందే ఓనరుకు మెసేజ్ పెట్టండి: ‘ఒక్కడినే అయితే అయిదు రోజులు. మూడున్నర రోజులు కావాలంటే రెండో డ్రైవర్‌ను పంపండి.’